బంతి నిండిన పిమ్మట: వెబ్ పుటయందు పెట్టెలు పంక్తులుగా విడిపోవు విధము

నేటి పాఠశాలలు తమ ప్రకటనలను గోడకు అంటించుటతో తృప్తి నొందక వెబ్ పుటలయందును ఉంచుచున్నవి. పరీక్షల తేదీలు, రుసుము చెల్లింపవలసిన గడువు, ఫలితములు మొదలగు వానిని తలిదండ్రులు తమ చేతి ఫోనులలోనే చూచుకొనుచున్నారు. ఇట్టి పుటలను కూర్చుపని పై తరగతుల విద్యార్థులలో అనేకులు నేర్చుకొనుచున్నారు. ఆ పనియందు చూచుటకు మిక్కిలి స్వల్పముగా నుండియు, చేయబూనినవారికి మిక్కిలి చిక్కులు కలిగించు విషయమొకటి కలదు. పుటలో వరుసగా నుంచిన పెట్టెలు తెర వెడల్పు చాలనప్పుడు క్రింది పంక్తికి దిగుట యెట్లు, ఆ దిగుటను మన యదుపునం దుంచుకొనుట యెట్లు అనునదియే యది. దానినే మేమిచ్చట వివరింపదలచితిమి.

ఇది కేవలము అందమునకు సంబంధించిన మాట కాదు. ఒక పరీక్ష ప్రకటన ఐదు పెట్టెలుగా నున్నదనుకొందము. మొదటి పెట్టెలో పరీక్ష పేరు, రెండవదానిలో తరగతి, మూడవదానిలో రుసుము, నాలుగవదానిలో రుసుము కట్టవలసిన చోటు, ఐదవదానిలో గడువు తేదీ యున్నవి. కంప్యూటరు తెరమీద ఐదును చక్కగా ఒక వరుసలో కనుపించును. ఆ పుటనే పొలము గట్టున నిలిచి చిన్న ఫోనులో చూచు తండ్రికి మొదటి రెండు పెట్టెలును, మూడవదానిలో కొంత భాగమును మాత్రమే కనుపించి, తక్కినవి తెర యంచునకు ఆవల పోయినచో, ఆయనకు గడువు తేదీ తెలియనే తెలియదు. తెలియనిది యున్నదనియు ఆయనకు తెలియదు. పుట కూర్చినవాడు తన పెద్ద తెరమీద చూచుకొని సరిగా నున్నదనుకొనును. నష్టము మాత్రము పిల్లవానిది.

పెండ్లి పందిటిలో బంతిభోజనము చూడనివారు మనలో నుండరు. విస్తళ్ళు వేయువారు ఏమి చేయుదురో జ్ఞాపకము చేసికొనుడు. ఒక్కొక్క విస్తరికి కావలసిన చోటు ఇంత యని వారికి ముందుగనే తెలియును. పందిరి యీ కొననుండి ఆ కొనవరకు చోటున్నంతమేర విస్తళ్ళను వరుసగా వేసికొనిపోవుదురు. ఇంకొక విస్తరికి చోటు చాలనప్పుడు దానిని రెండవ బంతిలో వేయుదురేగాని, మొదటి బంతిలోని విస్తళ్ళన్నిటిని ముడిచి దాని నందులో ఇరికింపరు. బంతి యేర్పడిన పిమ్మట జానెడు చోటు మిగిలినచో విస్తళ్ళను కొంచెము ఎడముగా జరుపుదురు. మొదట బంతి యేర్పడును, తరువాత సర్దుబాటు జరుగును. ఈ క్రమము గుర్తుంచుకొన్నవానికి మేము చెప్పబోవు దానిలో సగము తెలిసినట్లే.

వెబ్ పుటల రూపమును నిర్ణయించు భాషకు సి.ఎస్.ఎస్. అని పేరు. దానిని 1994వ సంవత్సరము అక్టోబరు నెలలో హోకన్ వియం లీ అనువారు ప్రతిపాదించిరి. 1996 డిసెంబరులో దాని మొదటి ప్రమాణము వెలువడెను. ఆ కాలమున పెట్టెలను పక్కపక్కన నిలుపుటకు తగిన సాధనమేదియు అందు లేకుండెను. బొమ్మల చుట్టు అక్షరములు పారుటకై యేర్పడిన ‘ఫ్లోట్’ అను ఆజ్ఞనే పెట్టెలకును వాడుకొనుచు పనివారు చాల యేండ్లు గడపిరి. ఫ్లోట్‌తో పెట్టెలు క్రిందికి దిగుట లేకపోలేదు. కాని ఒక పెట్టె తక్కినవానికంటె ఎత్తుగా నున్నచో, క్రిందికి దిగినది దానికి తట్టుకొని మధ్యలోనే నిలిచిపోవుచుండెను. ఈ బాధ తీర్చుటకై ‘ఫ్లెక్స్’ అను పద్ధతి యేర్పడినది. దాని తొలి చిత్తు 2009 జూలైలో వెలువడెను. తరువాత మాటలు మారి, 2012లో ఇప్పటి రూపమునకు వచ్చెను. అప్పటికిని బ్రౌజర్లన్నియు ఏకముగా దానిని గ్రహింపలేదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో ఒక పంక్తికి మించిన ఫ్లెక్స్ పనిచేయుట 2014 మార్చిలో వెలువడిన 28వ కూర్పుతో గాని మొదలు కాలేదు. నేడు అన్ని ముఖ్య బ్రౌజర్లును దీని నెఱుగును.

ఇక విషయమునకు వత్తము. ఇచ్చట ఆజ్ఞల పేర్లను తెలుగు లిపిలో వ్రాయుచున్నాము. కంప్యూటరునకు మాత్రము వానిని ఆంగ్ల లిపిలోనే ఇయ్యవలెను. పెట్టెలను తనలో నుంచుకొనునది వెలుపలి పెట్టె. అది మన పందిరి. లోపలి పెట్టెలు విస్తళ్ళు. వెలుపలి పెట్టెకు ‘డిస్‌ప్లే: ఫ్లెక్స్’ అని చెప్పినచో లోపలివి వరుసగా నిలుచును. అవి క్రింది పంక్తికి దిగవలెనా వలదా అని చెప్పు ఆజ్ఞ ‘ఫ్లెక్స్-వ్రాప్’. దీనికి మూడు విలువలు కలవు: నోవ్రాప్, వ్రాప్, వ్రాప్-రివర్స్. మనమేమియు చెప్పనిచో కంప్యూటరు ‘నోవ్రాప్’ అనియే గ్రహించును. అనగా, ఎంత ఇరుకైనను ఒకే బంతి. చిక్కులలో పెక్కు ఇచ్చటనే పుట్టుచున్నవి.

లెక్క వేసి చూతము. ఐదు పెట్టెలు, ఒక్కొక్కదానికి మనము కోరిన మూలపు వెడల్పు 220 పిక్సెలులు, పెట్టెకు పెట్టెకు నడుమ 20 పిక్సెలుల ఎడము. ఐదింటికి 1100, నాలుగు ఎడములకు 80, మొత్తము 1180. ఫోను తెర 360 పిక్సెలులనుకొందము. ఎడములు పోగా మిగులు 280 పిక్సెలులను ఐదింటికి పంచినచో ఒక్కొక్కదానికి 56 వచ్చును. నోవ్రాప్ ఆజ్ఞలో నున్న పెట్టెలు ఇట్లు కుంచించుకొనుటకు ఒప్పుకొనును గాని, తనలోని మిక్కిలి పొడవైన పదమునకంటె చిన్నది కావలెననిన ఏ పెట్టెయు నొప్పుకొనదు. ప్రతి పెట్టెలోను 120 పిక్సెలులు పట్టు పదమొకటి యున్నచో, ఐదు నూటయిరువదులు 600, ఎడములు 80, వెరసి 680. తెరకు మించిపోయినది 320. మూడవ పెట్టె 280వ పిక్సెలువద్ద మొదలై 400వద్ద ముగియును గనుక దాని అంచు తెగును. నాలుగవదియు ఐదవదియు పూర్తిగా ఆవల నుండును. పైన చెప్పిన తండ్రికి గడువు తేదీ కనుపింపకపోవుటకు కారణమిదియే. కొన్ని పుటలలో ప్రక్కకు జరిపి చూచుటకైనను వీలుండును. కూర్చినవాడు వికారముగా నున్నదని మించిన భాగమును దాచివేయు ఆజ్ఞ కూడ ఇచ్చినచో ఆ వీలును పోవును. అట్లు దాచుట రోగము మాన్పక కట్టు కట్టుట వంటిది.

ఇప్పుడు అదే పెట్టెకు ‘వ్రాప్’ అని చెప్పుదము. 360 పిక్సెలుల తెరలో మొదటి పెట్టెకు 220 పోయినది. రెండవదానికి 20 ఎడమును, 220 వెడల్పును కావలెను, మొత్తము 460. చోటు చాలదు. కావున రెండవది క్రిందికి దిగును. ఇట్లు ఐదును ఐదు పంక్తులుగా నిలుచును. ‘ఫ్లెక్స్-గ్రో’ అను ఆజ్ఞకు 1 అని యిచ్చియున్నచో ప్రతి పెట్టెయు తన పంక్తిలో మిగిలిన చోటు తీసికొని 360 పిక్సెలులకు విప్పారును. గడువు తేదీ అడుగున నున్నను కంటబడును.

1000 పిక్సెలుల వెడల్పుగల వెలుపలి పెట్టెలోనైన నాలుగు పెట్టెలు 880, మూడు ఎడములు 60, వెరసి 940, పట్టును. ఐదవదానితో 1180 అగును, పట్టదు. మొదటి పంక్తిలో మిగిలిన 60ని నలుగురు పంచుకొని ఒక్కొక్కటి 235 పిక్సెలులగును. ఐదవది రెండవ పంక్తిలో ఒంటరిగా నుండి మిగిలిన 780ని తానే తీసికొని 1000 పిక్సెలులగును. దీనినిగూర్చి మఱల చెప్పెదము.

కంప్యూటరు ఏ పెట్టె ఏ పంక్తిలో నుండవలెనో నిర్ణయించునప్పుడు పెట్టెలు ఎంత కుంచించుకొనగలవు అని చూడదు, ఎంత విప్పారగలవు అనియు చూడదు. మూలపు వెడల్పును మాత్రమే చూచును. ఆ మూలపు వెడల్పు నిచ్చు ఆజ్ఞ ‘ఫ్లెక్స్-బేసిస్’. కనిష్ఠ గరిష్ఠములు చెప్పియున్నచో వానికి లోబడి ఆ కొలతను సరిచేసికొనును. బేసిస్ 100 అని యిచ్చినను లోపల 120 పిక్సెలుల పదమున్నచో 120 అనియే లెక్కించును. ఈ కొలతలతో పంక్తులు విడదీసిన పిమ్మట, ఒక్కొక్క పంక్తిని వేఱుగా పట్టుకొని, చోటు మిగిలిన విప్పార్చును, చాలకున్న కుంచించును. వ్రాప్ ఆజ్ఞలో నున్నప్పుడు కుంచించు అవసరము ప్రాయికముగా ఒక్క సందర్భముననే కలుగును: పెట్టె ఒక్కటియే వెలుపలి పెట్టెకంటె పెద్దదియైనప్పుడు. 400 బేసిస్‌గల పెట్టె 320 తెరలో ఒంటరిగా ఒక పంక్తిలో పడి, 320కి కుంచించుకొనును. దానికి ‘ఫ్లెక్స్-ష్రింక్’ 0 అని యిచ్చియున్నచో కుంచించుకొనక అంచు దాటును. అందుచే ఆ సున్నను ఆలోచింపక వ్రాయరాదు.

కావున పంక్తులు విడిపోవుటను ఏలదలచినవాడు బేసిస్‌ను ఏలవలెను. ‘వ్రాప్ అని వ్రాసితిమి, పెట్టెలు దిగుటలేదు’ అని విద్యార్థులు చెప్పుట తఱచుగా వినుచుందుము. చూడగా వారు లోపలి పెట్టెలకు ‘ఫ్లెక్స్: 1’ అను పొట్టి ఆజ్ఞ నిచ్చియుందురు. ఆ పొట్టి ఆజ్ఞలో బేసిస్ సున్న అను అర్థము దాగియున్నది. సున్న వెడల్పుగల విస్తళ్ళు పందిటిలో ఎన్నియైనను పట్టును గదా! పదముల వెడల్పు అడ్డుపడువరకు అవి దిగవు. ‘ఫ్లెక్స్: 1 1 220’ అని మూడంకెలును వ్రాసి, చివరిదానికి పిక్సెలు కొలత చేర్చినచో దిగును.

ఒక పంక్తికి ఎన్ని పెట్టెలు పట్టునో తెలిసికొనుటకు సులభమైన సూత్రము కలదు. వెలుపలి వెడల్పునకు ఒక ఎడము కలిపి, దానిని బేసిస్, ఎడము రెంటి మొత్తముతో భాగింపవలెను. వచ్చిన పూర్ణసంఖ్యయే జవాబు. వెలుపలి వెడల్పు 780, బేసిస్ 180, ఎడము 20 అనుకొనుడు. 780కి 20 కలిపిన 800; దానిని 200తో భాగించిన సరిగా 4. పెట్టె ఒక్కొక్కటి 180, మిగులు లేదు. ఇప్పుడు వెలుపలి వెడల్పును ఒక్క పిక్సెలు తగ్గించి 779 చేయుడు. జవాబు 3కు పడిపోవును. మూడు పెట్టెలు 540, రెండు ఎడములు 40, వెరసి 580; మిగులు 199. గ్రో 1 అయినచో ఒక్కొక్కటి 246 పిక్సెలులకు మించి విప్పారును. చోటు ఒక పిక్సెలు తగ్గగా పెట్టె అరువదియాఱు పిక్సెలులు పెరిగినది! కిటికీ అంచు పట్టుకొని జరుపుచున్నప్పుడు పెట్టెలు హఠాత్తుగా ఉబ్బుట చూచి కంప్యూటరు తప్పనుకొనువారు ఈ లెక్క వేసికొనిన చాలును.

శాతములతో వ్రాయువారికి ఇంకొక గుంట కలదు. పంక్తికి నాలుగు పెట్టెలు కావలెనని బేసిస్ 25 శాతము అని వ్రాయుదురు. వేయి పిక్సెలులలో నాలుగు ఇన్నూటయేబదులు వేయి, సరిపోయినది. కాని మూడు ఎడములకు 60 పిక్సెలులు ఎచ్చటినుండి వచ్చును? 1060 అగును గనుక నాలుగవది క్రిందికి పోవును. మొదట 60 తీసివేసి మిగిలిన 940ని నాలుగింట భాగించి 235 అని యిచ్చిననే నిలుచును; ‘కాల్క్’ అను ఆజ్ఞ ఈ తీసివేతను, భాగాహారమును తానే చేయును. ఎడము లేకున్నను, పెట్టె లోపలి అంచుకట్టు, గీత అను రెంటిని వెడల్పులో చేర్చి లెక్కింపవలెనని ‘బాక్స్-సైజింగ్: బోర్డర్-బాక్స్’ ద్వారా చెప్పనిచో ఇట్టి నష్టమే కలుగును. ఎడము నిచ్చు ‘గ్యాప్’ అను ఆజ్ఞ ఫ్లెక్స్ పెట్టెలలో ఫైర్‌ఫాక్స్‌నందు 2018లోను, క్రోమ్‌నందు 2020లోను, సఫారీయందు 2021లోను అమలునకు వచ్చెను. అంతకు పూర్వము పెట్టెల చుట్టును అంచు విడిచి, ఆ అంచు పంక్తి మొదటను చివరను కూడ మిగులుటచే, వెలుపలి పెట్టెను అంతమేర వెనుకకు లాగుచుండిరి. పాత పుటలలో ఆ పద్ధతి కనబడిన ఆశ్చర్యపడవలదు.

ఒంటరిగా మిగిలిన ఐదవ పెట్టె సంగతి యిప్పుడు చెప్పెదము. ఏడు పెట్టెలైనను ఇదే బాధ: మొదటి పంక్తిలో నాలుగు 235 చొప్పునను, రెండవ పంక్తిలో మూడు 320 చొప్పునను నిలిచి, పైవానికి క్రిందివానికి అంచులు కలియవు. గ్రో తీసివేసినచో అన్నియు 220గానే యుండి కుడివైపున 60 పిక్సెలుల బోడిచోటు మిగులును. గరిష్ఠ వెడల్పు విధించినచో చివరిది మఱీ పెద్దది కాకుండును గాని అంచులు మాత్రము కలియవు. మా యభిప్రాయము స్పష్టము. నిలువునను అడ్డమునను అంచులు కలియవలెనన్న ఫ్లెక్స్ తగిన సాధనము కాదు. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లకు వచ్చిన ‘గ్రిడ్’ అను పద్ధతియే వాడవలెను. దానిలో ‘ఆటో-ఫిల్’ అను మాటను, కనిష్ఠము 220, గరిష్ఠము ఒక సమభాగము అను కొలతను ఇచ్చినచో, నిలువు గళ్ళన్నియు 235గానే యుండి, చివరి పంక్తిలో పెట్టెలు లేనిచోట ఖాళీగా నుండును. కనిష్ఠము 220 అని ఖండితముగా చెప్పక, ‘220, వెలుపలి వెడల్పు, ఈ రెంటిలో తక్కువది’ అని చెప్పుట మేలు. లేనిచో 200 పిక్సెలుల ఇరుకుచోట మఱల అంచు దాటును. ఇక మీటలు, చిన్న చీటీలు, పేర్ల పట్టికలు మొదలగువానిలో ఒక్కొక్క పంక్తి స్వతంత్రముగా నుండవచ్చును. అట్టివానికి ఫ్లెక్సే తగును.

తెలుగు పుటలు కూర్చువారు ప్రత్యేకముగా తెలిసికొనవలసిన దింకొకటి కలదు. మన భాషలో పదములు ఒకదానితో నొకటి సంధించి పెరుగును. ‘విద్యార్థినీవిద్యార్థులందఱికిని’ అను మాట ఒక్క పదము. దానిలో విరామము లేదు. ఆంగ్లమున ఆ భావమే చిన్న చిన్న మాటలుగా వ్రాయుదురు గనుక చిన్న పెట్టెలోనైనను పంక్తులు విఱుగును. ఆంగ్లపు పుటకై కొలిచిన పెట్టెలో తెలుగు పోసినప్పుడు పెట్టెలు ఊహింపనిచోట క్రిందికి దిగుటకు, అంచు దాటుటకు ముఖ్యకారణమిదియే. తాటాకుపై వ్రాసిన పూర్వుల కీ బాధ లేకుండెను. వారు పదముల నడుమ ఎడమే విడువక, ఆకు కొన వచ్చినచోట అక్షరము ముగించి రెండవ పంక్తిలో తరువాతి యక్షరము మొదలుపెట్టుచుండిరి. కంప్యూటరు పదమును తనంత విఱువదు, మనము సెలవీయవలెను.

ఆ సెలవు రెండు విధములు. ‘ఓవర్‌ఫ్లో-వ్రాప్: ఎనీవేర్’ అనినచో అవసరమైనప్పుడు పదమును ఎచ్చటనైనను విఱువవచ్చును, పెట్టె కనీసపు వెడల్పు లెక్కించునప్పుడు కూడ ఈ సెలవును కంప్యూటరు గమనించును. ‘బ్రేక్-వర్డ్’ అను విలువ విఱుచును గాని కనీసపు వెడల్పు లెక్కలో ఆ సంగతి చేర్చదు. అందుచే ఫ్లెక్స్ పెట్టెలలో మొదటిదే పనికివచ్చును. లేదా లోపలి పెట్టెకు ‘మిన్-విడ్త్’ సున్న అని యీయవలెను. అయినను ‘విద్యార్థినీవి’ అని ఒక పంక్తిలోను ‘ద్యార్థులు’ అని మఱియొక పంక్తిలోను చదువుట కంటికి ముల్లు. సంధి యెచ్చట విడదీసిన అర్థము చెడదో ఆ చోట ‘డబ్ల్యు-బి-ఆర్’ అను గుర్తు పెట్టుట రెండవ విధము. చోటున్నప్పుడు అది కనుపింపదు. చాలనప్పుడు అచ్చటనే పదము విఱుగును. ఇది శ్రమతో గూడినది. శీర్షికలలోనైనను ఈ శ్రమ పడుట మంచిదని మా తలంపు.

ఒక్కొక్కప్పుడు ఫలానిచోటనే పంక్తి విఱుగవలెనని కోరిక కలుగును. దానికి పెట్టెల నడుమ 100 శాతము బేసిస్‌గల ఎత్తులేని ఖాళీ పెట్టె నొకటి యుంచుదురు. అది ఒక పంక్తినంతయు ఆక్రమించుటచే తరువాతిది క్రిందికి పోవును. ఆ ఖాళీ పంక్తికి పైనను క్రిందను ఎడము పడుటచే అచ్చట ఎడము రెట్టింపగునని మఱువరాదు.

అన్నియు ఒక వరుసలో నుండవలెను, లేదా అన్నియు ఒకదాని క్రింద నొకటి యుండవలెను, నడుమ స్థితి వలదు అను కోరికకు హేడన్ పికరింగ్ అనువారు చమత్కారమైన ఉపాయము చెప్పిరి. దానికి హోలీ ఆల్బట్రాస్ అని పేరు. హద్దు 600 అనుకొనుడు. 600 నుండి వెలుపలి వెడల్పును తీసివేసి, వచ్చినదానిని 999తో గుణించి, దానినే బేసిస్‌గా నిచ్చి, గ్రో 1 చేయవలెను. వెడల్పు 700 అయినచో జవాబు ఋణసంఖ్య. కంప్యూటరు దానిని సున్నగా గ్రహించుటచే, పదములు అడ్డుపడనంతవరకు పెట్టెలన్నియు ఒకే పంక్తిలో సమముగా నిలుచును. వెడల్పు 500 అయినచో జవాబు 99,900. అంత పెద్ద పెట్టెకు తోడు ఎచ్చటను చోటు దొరకదు గనుక ప్రతిదియు తన పంక్తిలో ఒంటరిగా నిలిచి 500కు కుంచించుకొనును. లెక్కల తరగతిలో ఋణసంఖ్యల ప్రయోజనమేమని యడుగు బాలురకు దీనిని చూపవచ్చును.

‘వ్రాప్-రివర్స్’ పంక్తులను క్రిందినుండి పైకి పేర్చును. చూచుటకు వింతగానే యుండును గాని, దీనిని మేము మెచ్చము. కంటికి కనుపించు క్రమము మారినను పుటలో వ్రాసిన క్రమము మారదు. చూపులేనివారికి పుటను చదివి వినిపించు సాధనము వ్రాసిన క్రమముననే చదువును. కీబోర్డుపై ట్యాబ్ మీట నొక్కుచు పోవువారికిని ఆ క్రమమే. కన్ను ఒకచోట, చెవి ఒకచోట నుండినచో దారి తప్పుదురు. పెట్టెల వరుసను తారుమారుచేయు ‘ఆర్డర్’ అను ఆజ్ఞకును ఈ దోషమే కలదు. పెట్టెల నడుమ నిలువుగీతలు గీయువారికి ఇంకొక చిన్న చిక్కు: ఏ పెట్టె పంక్తి మొదటికి వచ్చినదో తెలిసికొను ఆజ్ఞ సి.ఎస్.ఎస్.లో లేదు. కావున పంక్తి మొదట అక్కఱలేని గీత మిగులును. గీతలన్నిటిని ఎడమవైపున గీసి, లోపలి పెట్టెలను గీత మందమంత ఎడమకు జరిపి, వెలుపలి పెట్టె అంచువద్ద మించినదానిని దాచుట వాడుకలోని ఉపాయము. దాచుట తగని చోటొకటి పైన చెప్పితిమి. ఇది తగిన చోటు, దాగునది గీత మాత్రమే గనుక.

ఇంతయు చేసినను ఫోనులో పెట్టెలు దిగక పుటయంతయు చీమలబారువలె చిన్నదిగా కనుపించినచో, పుట తలభాగమున ‘వ్యూపోర్ట్’ అను ఆజ్ఞ లేదని గ్రహింపవలెను. అది లేనిచో ఫోనులోని బ్రౌజరు తన తెర సుమారు 980 పిక్సెలుల వెడల్పుగలదని భావించి పుటను కూర్చి, పిమ్మట దానినంతటిని కుదించి చూపును. పందిరి పెద్దదని చెప్పగా విస్తళ్ళు వేయువాడు ఏమి చేయగలడు?

పుట సిద్ధమైన పిమ్మట పరీక్షించు విధము చెప్పి విరమించెదము. 2018 జూన్‌లో వెలువడిన వెబ్ సౌలభ్య ప్రమాణముల 2.1 కూర్పులో ఒక నియమము కలదు: పుట 320 పిక్సెలుల వెడల్పున కూడ ప్రక్కకు జరుపనక్కఱలేకుండ చదువ వీలుగా నుండవలెను, పటములు, అంకెల పట్టికలు మొదలగునవి మాత్రము దీనికి మినహాయింపు. 320 అను అంకె చిన్న ఫోనులకొఱకే యేర్పడినది కాదు. 1280 పిక్సెలుల కంప్యూటరు తెరమీద చూపు మందగించినవారు అక్షరములను 400 శాతమునకు పెంచుకొన్నప్పుడు పుటకు మిగులు వెడల్పు నాలుగవ వంతు, అనగా 320. కావున మీ కంప్యూటరులో కంట్రోల్ మీట పట్టి కూడిక గుర్తును నొక్కుచు 400 శాతమువరకు పుటను పెంచుడు. ఐదు పెట్టెలు వ్రాసితిరిగదా. పైనుండి క్రిందివరకు జరుపుచు ఎన్ని కనుపించినవో లెక్కింపుడు. తరువాత కిటికీ అంచు పట్టుకొని మెల్లమెల్లగా వెడల్పు చేయుచు, ఏ కొలతవద్ద పెట్టె దిగినది, ఏ కొలతవద్ద ఎక్కినది కాగితముపై వ్రాసికొని, పై సూత్రముతో సరిచూచుకొనుడు. లెక్కకును తెరకును భేదము వచ్చినచో ముందుగా మిక్కిలి పొడవైన పదమెచ్చట నున్నదో వెదకుడు, పిమ్మట అంచుకట్టు కొలత చూడుడు. చివరగా ఆ పుటను ఇంటికి తీసికొనిపోయి, పెద్ద అక్షరములు పెట్టుకొన్న నాయనమ్మ ఫోనులో తెఱచి, గడువు తేదీ యేదో ఆమెచేతనే చదివింపుడు.